మోగని డబ్బా

రేడియో బాబాయి అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప మా వీధిలో ఇంకెక్కడా కనబడదు. ఇరవయ్యారేళ్ళుగా ఒకే గదిలో, ఒకే బల్ల ముందు కూర్చుని రేడియోలు, టేప్‌రికార్డర్లు, ఈమధ్య మిక్సీలు, పిల్లల బొమ్మలు కూడా బాగుచేస్తున్నాడు. ఆ గదిలో రెండో సగం ఆయన బావమరిదిది, అంటే పిన్ని తమ్ముడిది. ఆయన వాచీలు బాగుచేస్తాడు కాబట్టి అందరికీ వాచీల మావయ్య అయ్యాడు.

రెండు బల్లల మధ్య గోడ లేదు, తెర లేదు. ఉన్నదల్లా ఒక పాత టేబుల్ ఫ్యాను. పొద్దున ఎవరు ముందు వచ్చి తలుపు తీశారో ఆ ఫ్యానును చూసి చెప్పవచ్చు. ముందు వచ్చినవాడు దాన్ని రెండోవాడి కుర్చీ వైపు తిప్పి ఉంచేవాడు. వాళ్ళు దాని గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకోగా ఎవరూ వినలేదు.

బాబాయి దగ్గర పదకొండు బిస్కెట్ డబ్బాలున్నాయి. పనికిరాని సెట్టు ఏది చేతికొచ్చినా విప్పి, అందులో బతికున్న భాగాలన్నీ ఊడదీసి వాటిలో దాచేవాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక గిరాకీ ఉండని వేళ ఒక పాత దుప్పటి నేలమీద పరిచి, ఏదో ఒక డబ్బా దాని మీద బోర్లించి, చుట్టూ ఉన్నవాళ్ళను అడిగేవాడు.

“ఏం చేద్దాం?”

షరతు ఒకటే. కొత్తగా ఏదీ కొనకూడదు. దుప్పటి మీద ఉన్నదానితోనే కావాలి. పక్క గదిలో బట్టలు కుట్టే అక్క పని ఆపి వచ్చేది. పిన్ని మజ్జిగ చెంబుతో వచ్చి గుమ్మంలో కూర్చునేది.

“దారం అయిపోయేముందు చెప్పే యంత్రం చెయ్యి బాబాయ్,” అనేది కుట్టు అక్క.

“పాలు పొంగేముందు అరిచేది చేశారుగా. అది పొంగాక అరుస్తుంది. ముందు దాని సంగతి చూడండి,” అనేది పిన్ని.

“బావకి కోపం వచ్చే ముందు మోగేది ఒకటి కావాలి,” అనేవాడు మావయ్య, కంటికి బిగించిన భూతద్దం తియ్యకుండానే.

“అది పొద్దస్తమానం మోగుతూనే ఉంటుందిరా, బ్యాటరీకి ఓపిక చాలదు,” అనేవాడు బాబాయి.

అందరూ నవ్వేవాళ్ళు. దేవుడు కొందరికి మేడలిస్తాడు, కొందరికి ఇలాంటి మధ్యాహ్నాలిస్తాడు. ఏది పెద్ద వరమో నాకు తెలియదు.

ఆ మధ్యాహ్నాలు ఒక్క సెట్టుతో ఆగిపోయాయి. బాబాయి బాగుచేసి ఇచ్చిన రేడియోను స్కూలు టీచరమ్మ వారం తిరక్కుండా వెనక్కి తెచ్చింది. “పొగ వచ్చిందండీ,” అంది భయంభయంగా, తప్పు తనదే అన్నట్టు. బాబాయి మూత విప్పి చూశాడు. లోపల కరెంటును అదుపుచేసే రెసిస్టరు ఒకటి మాడి మసైంది. అది బియ్యపు గింజకన్నా కాస్త పెద్దది. దాని ఒంటిమీద రంగురంగుల గీతలుంటాయి, ఆ గీతలే దాని విలువ. ఒక్క గీత రంగు తేడా అయినా లెక్క పదింతలు మారిపోతుంది. మీటరు పెట్టి చూస్తే తక్కిన భాగాలన్నీ బాగానే ఉన్నాయి. అంటే అక్కడ ఉండకూడని విలువది ఉందన్నమాట.

“ఇది నేను పెట్టింది కాదు,” అన్నాడు బాబాయి మెల్లగా.

పది రోజులకు ఇంకో సెట్టు అలాగే వచ్చింది. ఆ తర్వాత ఆయన డబ్బాలను గమనించడం మొదలుపెట్టాడు. సాయంత్రం ఏడో డబ్బాలో వేసినవి పొద్దున చూస్తే మూడో డబ్బాలో ఉన్నాయి. మూడోదాంట్లోవి ఏడోదాంట్లో ఉన్నాయి. ఏదీ పోలేదు, అన్నీ చోట్లు మారాయి. దొంగైతే పట్టుకుపోవాలి కదా! పట్టుకుపోకుండా చోట్లు మార్చేవాడు దొంగకన్నా ప్రమాదం. వాడికి కావలసింది వస్తువు కాదు, బాబాయి పేరు చెడటం.

గది తాళంచెవులు రెండే. ఒకటి తన మొలలో ఉంది. రెండోది బావమరిది జేబులో ఉంది.

ఆ ఆలోచన వచ్చిన రోజు బాబాయి అన్నం సరిగ్గా తినలేదు. తప్పుడు ఆలోచనని తోసేశాడు. కానీ అనుమానం అరికాలిలో ముల్లు లాంటిది, అడుగు వేసినప్పుడల్లా నేనున్నానంటుంది. మావయ్య ఈమధ్య అరగంట ముందే వస్తున్నాడని గుర్తొచ్చింది. ఎందుకు? రోజూ ఫ్యాను తన వైపే తిరిగి ఉంటోంది. ఎందుకింత ప్రేమ? తను బల్ల దగ్గర వంగినప్పుడల్లా అద్దం వెనకనుంచి చూస్తున్నాడు. ఏం చూస్తున్నాడు? ఇరవయ్యారేళ్ళు కనబడని సంగతులన్నీ వారం రోజుల్లో కనబడ్డాయి.

కుట్టు అక్కను అడిగి నల్లదారం తీసుకుని డబ్బా మూతల చుట్టూ కట్టాడు. బట్టలమీద గీతలు గీసే సుద్ద పొడిచేసి ఏడో డబ్బా అంచుకు రాశాడు. మర్నాడు దారం ఉంది, కానీ ముడి ఎడంవైపుకు మారింది. మావయ్య కుడిచెయ్యి చొక్కా అంచుకు తెల్లగా పొడి ఉంది.

“బాబాయ్, సుద్దపొడి ఎందుకు?” అని అడిగింది అక్క.

చెప్పాడు. ఆమె నోరు తెరిచింది. “మావయ్యా? చీమ ఎదురొస్తే పక్కకు తప్పుకునే మనిషి!”

“చీమకు దారిచ్చేవాడే అమ్మాయ్, పుట్ట ఎక్కడుందో చూసిపెట్టుకునేది.”

ఆ సాయంత్రం పిన్నితోనూ అన్నాడు. గది మధ్యన చెక్కగోడ కొట్టించి, దానికి వేరే తలుపు, వేరే తాళం పెట్టిస్తానన్నాడు. వడ్రంగిని పిలిచి కొలతలు కూడా తీయించాడు. పిన్ని కూర తరుగుతున్న కత్తిపీట పక్కకు పెట్టింది.

“వాడు నా తమ్ముడు.”

“నీ తమ్ముడు కాబట్టే ఇన్నాళ్ళు అనుమానం రాలేదు.”

“సరే. రుజువు చూపించండి. కళ్ళారా చూపిస్తే గోడ కూడా అక్కర్లేదు, వాడి బల్ల నేనే బయట పెట్టిస్తాను. చూపించలేకపోతే ఈ మాట ఈ ఇంట్లో మళ్ళీ వినబడకూడదు.”

ఆమె ఆ తర్వాత ఆయనతో అవసరమైన మాటలే మాట్లాడింది. కానీ రాత్రి మంచంపక్కన మంచినీళ్ళ గ్లాసు ఎప్పటిలాగే మూతపెట్టి ఉంచింది.

సెలవునాడు బాబాయి గది తలుపు లోపల గడియ వేసుకుని, దుప్పటి పరిచి, పదకొండు డబ్బాలూ ఒకేసారి బోర్లించాడు. “ఏం చేద్దాం?” అన్నాడు పైకే. జవాబు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

కుర్చీ కింద అడుగుపడితే మోగే పలక చేయవచ్చు. కానీ తనూ ఆ కుర్చీలోనే కూర్చుంటాడు. మూత కింద అయస్కాంతంతో స్విచ్చి పెట్టవచ్చు. కానీ వాచీలవాడి చేతికి అయస్కాంతం తగిలితే ఇట్టే పసిగడతాడు. బొమ్మకారు మోటారుకు గంట కడితే? అది తిరగడానికి ముందు గురక పెడుతుంది, దొంగ జారుకుంటాడు. చాలాసేపు దుప్పటి మీద భాగాలను వేలితో అటూ ఇటూ జరిపాడు. చివరికి ఒక పాత వీధిదీపంలోంచి తీసిన చిన్న కన్ను కనబడింది. వెలుగు పడితే కరెంటును పారనిస్తుంది, చీకటైతే ఆపేస్తుంది. డబ్బాలో ఎప్పుడూ చీకటే కదా! మూత తీస్తే వెలుగు పడుతుంది, బజరు కేకవేస్తుంది. ఒక ట్రాన్సిస్టరు, బ్యాటరీ, బజరు, రెసిస్టర్లు కావాలి. అన్నీ దుప్పటి మీదే ఉన్నాయి.

ఇంత మంచి ఆలోచన వచ్చినా ఆయనకు సంతోషం కలగలేదట. ఆ మాట తర్వాత తనే అన్నాడు.

మర్నాడు సాయంత్రం మావయ్య టీకి వెళ్ళినప్పుడు దాన్ని ఏడో డబ్బాలో అమర్చాడు. మోగింది. కానీ మరీ చురుకుగా, మూత సందులోంచి దూరిన కాస్త వెలుగుకే మోగింది. ఆ చురుకు తగ్గించాలంటే ఒక రెసిస్టరు మార్చాలి, వెయ్యి విలువది పెట్టాలి, అంటే మూడో గీత ఎరుపు ఉన్నది. ఏరి, అతికించేసరికి వీధిలో మావయ్య సైకిలు గంట వినబడింది. మళ్ళీ పరీక్షించే వ్యవధి లేక మూత పెట్టేశాడు.

మర్నాడు పొద్దున బాబాయి గంట ముందే వచ్చి కుట్టు అక్క గదిలో తెర వెనక కూర్చున్నాడు. ఆమె కుట్టుమిషను తొక్కకుండా చేతికుట్టు పట్టుకుంది, శబ్దం ఉండకూడదని. మావయ్య వచ్చాడు. తాళం తీసిన చప్పుడైంది. ఫ్యాను మెడ తిప్పిన కిర్రుమన్న చప్పుడైంది. తర్వాత బిస్కెట్ డబ్బా మూత తెరుచుకున్న చప్పుడు స్పష్టంగా వినబడింది.

బజరు మోగలేదు.

బాబాయి లేవబోయి ఆగాడు. “తెంపేశాడు,” అని గొణిగాడు. “వీడికి అన్నీ ముందే తెలుసు.”

“ఉష్,” అంది అక్క.

అయిదు నిమిషాలు గడిచాయి. సీసం కరిగిన సోల్డరింగ్ వాసన గుమ్మం దాటి వచ్చింది. అప్పుడు, ఎవరూ ఎదురుచూడని వేళ, బజరు గుక్కపెట్టి ఏడ్చింది.

బాబాయి ఒక్క అంగలో అక్కడున్నాడు. మావయ్య ఒక చేత్తో సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని, రెండో చేత్తో డబ్బాలోని ఆ కంటికి వెలుగు పడకుండా అడ్డం పెడుతూ తంటాలు పడుతున్నాడు.

“దొరికావురా!”

“దొరికాను బావా. ముందు దీన్ని ఆపు, చెవులు పోతున్నాయి.”

బాబాయి బ్యాటరీ లాగేశాడు. గది నిశ్శబ్దమైంది. గుమ్మంలో అక్క, ఆమె వెనక మజ్జిగ చెంబు లేకుండా పిన్ని నిలబడ్డారు. ఆ పూట ఆమెకు ఎవరు కబురు చెప్పారో అక్కనే అడగాలి.

“చెప్పు. ఎన్నాళ్ళ నుంచి నా డబ్బాలు పాడుచేస్తున్నావు?”

మావయ్య కంటి అద్దం తీసి బల్లమీద పెట్టాడు. “మూత తీశాను. చూశాను. ఇది నాకోసం పెట్టిన వలేనని అర్థమైంది. మోగలేదు. మూసేసి ఊరుకుందామనుకున్నా. కానీ బావ చేసింది మోగకపోవడం ఏమిటి? చూస్తే రెసిస్టరు తప్పు. మనసొప్పలేదు. మార్చాను, మోగింది.”

“తప్పా? వెయ్యిదే పెట్టాను నేను.”

మావయ్య అరచెయ్యి చాపాడు. తీసేసినది ఒకటి, దాని పక్కనే వెయ్యిది ఇంకొకటి. “ఇందులో మూడో గీత ఎరుపు ఏది?”

బాబాయి చూశాడు. చేతిని వెలుగులోకి లాగి చూశాడు. “రెండూ ఒకటే. నన్ను వెర్రివాణ్ణి చేస్తున్నావా?”

“అమ్మాయ్, నువ్వు చెప్పమ్మా. దారాల రంగులు నీకన్నా ఎవరికి తెలుసు?”

కుట్టు అక్క వంగి చూసింది. “ఇది ఎరుపు. ఇది కాఫీపొడి రంగు,” అంది, ఆ మాట అన్నందుకు తనే బాధపడుతున్నట్టు.

“నువ్వూ వీడి పక్షమేనా?” అన్నాడు బాబాయి. మనుషులెవరినీ నమ్మలేక మీటరు తీశాడు. అది ఎవరి చుట్టమూ కాదు. మొదటిదానికి పెట్టాడు, వంద. రెండోదానికి పెట్టాడు, వెయ్యి. మీటరు పుల్లలు మార్చి మళ్ళీ పెట్టాడు. వంద, వెయ్యి.

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. ఫ్యాను గాలి ఆయన వైపే వస్తోంది.

“టీచరమ్మ సెట్టు,” అన్నాడు బాబాయి.

“అదీ, తర్వాత వచ్చినదీ నా కన్ను తప్పించుకున్నాయి బావా. మిగతావి పట్టుకున్నాను. నువ్వు సాయంత్రం తప్పు డబ్బాలో వేసినవి పొద్దున అద్దం పెట్టి చూసి సరైన డబ్బాలో వేస్తున్నాను. మూణ్ణెల్లయింది.”

“నోరు లేదా నీకు? చెప్పొచ్చుగా!”

“చెబుదామనే వచ్చాను. ఆ రోజే నువ్వు ఎవరితోనో అంటున్నావు, రంగు తెలియని మెకానిక్ షాపు మూసుకుని ఇంటికి పోవాలని. ఇంక ఎలా చెప్పను?”

పిన్ని బల్ల దగ్గరకు వచ్చింది. ఆయన కళ్ళద్దాలు తీసుకుని కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది. తుడిస్తే పోయే మసక కాదని ఇద్దరికీ తెలుసు. ఆ వారమే ఆమె కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు. రెండు నెలలాగి ఒక్కొక్కటిగా తీస్తానన్నాడు డాక్టరు. భగవంతుడి దయ, తీయగలిగినదే వచ్చింది.

చెక్కలు భుజాన వేసుకుని వడ్రంగి వచ్చిన రోజు బాబాయి చాలాసేపు గది మధ్యన నిలబడ్డాడు.

“గోడ ఎక్కడ కొట్టమంటారు?”

“గోడ వద్దు. ఆ చెక్కతో చిన్న గూళ్ళ పెట్టె చెయ్యి, వేలు పెడితే పట్టేటంత గూళ్ళు. మూతలొద్దు,” అన్నాడు. కాస్త ఆగి, “మూతలుంటే మనిషి బుర్ర పాడవుతుంది,” అన్నాడు.

మర్నాటి మధ్యాహ్నం దుప్పటి మళ్ళీ పరుచుకుంది. ఈసారి దానిమీద ఆ బజరు కూడా ఉంది, విప్పేసిన వలలాగా.

“ఏం చేద్దాం?”

 జవాబూ బాబాయే చెప్పాడు: “రెసిస్టరును రెండు క్లిప్పుల మధ్య పెడితే కూత పెట్టాలి. విలువ చిన్నదైతే సన్నగా, పెద్దదైతే బొంగురుగా. కన్ను పనిచేయకపోతే చెవి ఉందిగా.”

నాలుగు రోజుల్లో చేశాడు. ఇప్పుడు గదిలో రోజంతా అదే పాట. వంద పిచ్చుకలా అరుస్తుంది, వెయ్యి మేకలా. మావయ్యకు వాచీల టిక్కుటిక్కు వినబడక చెవిలో దూది పెట్టుకుంటున్నాడు.

“బావా, ఒక్క పూట ఆపు.”

“ఆపుతాను. ముందు ఈ మేక మేకేనా, నువ్వు నిన్న మార్చి పెట్టావా?”

“మేకే బావా.”

“మళ్ళీ విను,” అని బాబాయి ఇంకోసారి క్లిప్పు నొక్కాడు. వింటూనే రెండో చేత్తో ఫ్యాను మెడ పట్టుకుని మావయ్య వైపు తిప్పాడు.