పసుపు కడిగిన రూపాయి

మా అక్క ఎమ్మిగనూరులో ఉంటుంది. ప్రతి గురువారం ఆదోనిలో బస్సెక్కి వెళ్లి ఆమెను చూసి వస్తాను. ఎమ్మిగనూరు బస్టాండు బయట భార్యాభర్తలు నడిపే ఒక బండి ఉంది. అక్కడ బొరుగులతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినకుండా ఆ ప్రయాణం పూర్తికాదు. అక్క కోసం కాదు, బజ్జీల కోసమే వెళ్తానని మా ఆవిడ అంటుంది. ఆమెకు తెలిసీ అనని ఇంకో కారణం చిల్లర.

పత్రికలో పనిచేసిన రోజుల్లో అంటుకున్న అలవాటిది. విలేకరికి బస్టాండ్లలో, టీ కొట్ల దగ్గర ఎదురుచూపులే ఎక్కువ. ఆ ఖాళీలో చేతిలోని చిల్లర తిప్పి చూసేవాణ్ని. డబ్బిచ్చి కొన్న పాత నాణేన్ని నా ఆల్బంలో పెట్టను. ఎన్నో జేబులు తిరిగి, అయినా అక్షరం అరగకుండా నా దాకా వచ్చిందే పెడతాను. ఇప్పుడు అందరూ ఫోనుతోనే కట్టేస్తున్నారు. నేను మాత్రం నోటిచ్చి చిల్లర కోసం చెయ్యి చాపుతాను.

ఒక గురువారం బండి దగ్గర భార్య లేదు. భర్త ఒక్కడే బజ్జీలు వేస్తూ, పొట్లాలు కడుతూ సతమతమవుతున్నాడు. నేను నోటిచ్చాను.

"సిల్లర లేదన్నా, ఫోన్ కొట్టు."

"ఫోన్‌లో నాకు రాదప్పా. చిల్లరే ఇవ్వు."

"ఇంగో బజ్జీ తిను, సరిపోతాది."

"వద్దు. చూడు, యాడో ఉంటాది."

ఫోను నా జేబులోనే ఉంది. రాదన్నది అబద్ధం. వెనక నిలబడ్డవాళ్లలో ఒకడు, "ఏమప్పా, రూపాయి కాడ పంచాయితీ పెట్టినారు, ఆడ మా బస్సు పోతాది" అని అరిచాడు. బండివాడు చిల్లర డబ్బా తడిమాడు. ఒక్క రూపాయి తక్కువైంది. బండికి తగిలించిన దేవుడి పటం వెనక చెయ్యి పెట్టి, చిన్న గుడ్డ మూట తీసి, పంటితో ముడి విప్పి, అందులోని రూపాయి నా చేతిలో వేశాడు.

పాతకాలపు పెద్ద రూపాయి. రెండు పక్కలా ధాన్యపు కంకులు, గింజ గింజా లెక్కపెట్టుకోవచ్చు. నేను ఉద్యోగంలో చేరిన ఏటిది, నిన్ననే అచ్చయినట్టుంది. అక్షరాల సందుల్లో పసుపు ఉంది.

మా వైపు మొక్కుకున్నవాళ్లు పసుపు గుడ్డలో రూపాయి ముడుపు కడతారు. కోరిక తీరేదాకా విప్పరు. తీరాక దేవుడికి చెల్లిస్తారు. ఆ మొక్కుల గురించి నేనే ఎన్నో వార్తలు రాశాను. అయినా, ఉగ్గాని చేసే చేతులకు పసుపు కాక ఇంకేముంటుందని నాకు నేను చెప్పుకున్నాను. గుడ్డ మూట సంగతి మాత్రం చెప్పుకోలేదు.

ఇంటికొచ్చి దాన్ని సబ్బు నీళ్లలో కడిగాను. పాత నాణేన్ని కడగకూడదు, మెరుపు చెడుతుంది. ఇది ఈ అలవాటులో మొదటి పాఠం. ఇన్నేళ్లలో ఒక్కదాన్నీ కడగలేదు. దీన్ని ఎందుకు కడుగుతున్నానో కొళాయి దగ్గరే నాకు తెలుసు.

మరుసటి గురువారం ఆమె బండి దగ్గరే ఉంది. నూనె మూకుడు కంటే ఎక్కువగా మొగుడి మీద మండిపడుతోంది.

"సామికి కట్టిన రూపాయి ఎవనికో సిల్లర ఇచ్చినాడు ఈయప్ప. రేపు నన్ను గూడా ఇచ్చేస్తాడు."

"నిన్నెవడు తీసుకుంటాడే," అన్నాడతను. తినేవాళ్లు నవ్వారు.

ఆమె నవ్వలేదు. కౌతాళంలో ఇచ్చిన కూతురికి రెండు కాన్పులు నిలవలేదట. ఇప్పుడు అయిదో నెల. "మా అవ్వ నాకిచ్చిన రూపాయి అది. బిడ్డ సేతికొచ్చినాంక సామి కాళ్లకాడ పెడతానని కట్టుకుంటి," అంది.

"నాకేం తెల్సు? ఎవరో పెద్దమనిషి సిల్లరే గావల్లని పట్టుకుండె," అన్నాడు భర్త. నా వైపే చూస్తూ అన్నాడు, ఆ పెద్దమనిషి నేనేనని మాత్రం అతనికి గుర్తుకు రాలేదు. ఆ రోజు నేను ఫోనుతో డబ్బు కట్టి బస్సెక్కాను.

తర్వాత రెండు గురువారాలు మోకాళ్ల నొప్పులని అక్కకు చెప్పి వెళ్లలేదు. ఒక సాయంత్రం వంటింట్లో పసుపు కలిపి రూపాయికి రాయబోయాను. అప్పటికి సంగతంతా తెలిసిన మా ఆవిడ, "పసుపు పూస్తే దొంగతనం పూజైతాదా?" అని గిన్నె లాక్కుంది.

ఆ పై గురువారం, జనం పలచబడేదాకా ఆగి, రూపాయి ఆమె ముందు పెట్టాను. ఫోను అబద్ధం, మూట విప్పుతుంటే చూసి ఊరుకోవడం, అన్నీ చెప్పాను. ఆమె రూపాయిని అటూ ఇటూ తిప్పింది.

"కడిగినావా?"

"కడిగినానమ్మా."

"ఆ నీళ్లు యాడ పోసినావు?"

ఆ ప్రశ్న వస్తుందనుకోలేదు. "మోరీ కాలవలో," అన్నాను.

ఆమె రూపాయిని కళ్లకద్దుకుంది. "ఎవురూ తొక్కకుండా సెట్టు మొదట్లో పొయ్యల్లన్నా. సదువుకున్నోనివి గదా."

"ఇప్పుడేం చెయ్యమంటావో చెప్పమ్మా."

"నేను ఇంగొకటి కట్టినాలే. ఇది నువ్వే కట్టి పెట్టుకో. ఇప్పినోడు, కడిగినోడు ఇద్దురూ తప్పు మొక్కల్ల. ఈయప్ప గుండు గొట్టిచ్చుకుంటాడు. నువ్వు దీన్ని ఎత్తుకొని మాతోపాటు సామి గుడికి రా. కాన్పు అయినాంక పిలుస్తా." చెయ్యి తుడుచుకుని తన ఫోను తీసింది. "నంబరు సెప్పు. ఫోన్ నీకొస్తాది గదా ఇప్పుడు?"

రూపాయి మా ఇంట్లో గోడ గడియారం వెనక, పసుపు గుడ్డలో ఉంది. ఆల్బంలో దానికని ఉంచిన గడి ఖాళీగానే ఉంది. ఇప్పుడు గురువారాలు బండి దగ్గర ముందు కూతురు ఎలా ఉందని అడుగుతాను, తర్వాతే ఉగ్గాని. "కడుపుతో ఉండేది నా బిడ్డనా, నువ్వా?" అని ఆమె ఎగతాళి చేస్తుంది.

ఆమె కూతురికి ఎనిమిదో నెల వచ్చింది, కాన్పుకు ఇంకా నెల పైనే ఉంది. నిన్న పొద్దున ఆమె నంబరు నుంచి ఫోన్ మోగింది. "అన్నా, ఈ వారం రాకు. బండి పెట్టము. కౌతాళం పోతాండాము," అంది, పెట్టేసింది. ఎవరినైనా ఏదైనా అడగడమే పనిగా బతికినవాణ్ని, ఎందుకని ఒక్క మాట అడగలేకపోయాను. తిరిగి చేయడానికీ చెయ్యి రాలేదు. గడియారం వెనక మూట తీసి, ముడి బిగుతుగానే ఉన్నా ఇంకోసారి బిగించాను.