అలీ భాయ్ చూసిన కొండ

మా ఇంటి యజమాని విలాయత్ అలీ అబద్ధమాడతాడని ఎవరైనా అంటే నేను నమ్మేదాన్ని కాదు. శంషాబాద్‌లో ఆయన ఇంటి పైవాటాలో అద్దెకు దిగి ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళలో మోటారు కాలిపోతే తన తప్పేనని ఒప్పుకున్నాడు, నీళ్ళు రావని తెలిస్తే ముందురోజే వచ్చి చెప్పాడు. ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. అబద్ధం చెప్పే మొహం వెనక బెంచీలో దాక్కున్నా పట్టేస్తానని నాకో గర్వం ఉండేది. ఆ గర్వాన్ని అలీ భాయ్ అణచేశాడు, అదీ ఒక కొండ విషయంలో.

ఆయన కుర్రతనంలో ట్రాక్టర్ డ్రైవరు. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరు పిలిస్తే వాళ్ళ చేను దున్నేవాడు. చేలు పోయి ఎయిర్‌పోర్టు వచ్చాక, దున్నడానికేమీ మిగలక, ఒక ట్రావెల్స్‌లో కారు నడపడానికి చేరాడు. ఇంగ్లీషు అక్షరాలు రావు. ప్రయాణికుల పేర్లను వాళ్ళమ్మాయి ఇల్మా అట్టల మీద రాసిచ్చేది. అవి తలకిందులుగా పట్టుకోకుండా ఇల్మా ప్రతి అట్ట పైభాగాన ఒక పువ్వు బొమ్మ వేసేదట. తర్వాత సొంత కారు కొనుక్కున్నాడు. ఇల్మా పెళ్ళయి బడంగ్‌పేట్ వెళ్ళిపోయింది. ఇప్పటికీ పేరు ఎవరు రాసిచ్చినా పువ్వు మాత్రం పైనే ఉంటుంది, దాన్ని ఆయనే వేసుకుంటాడు.

పొద్దున దిగి సాయంత్రం ఇంకో విమానం ఎక్కాల్సినవాళ్ళు, మీటింగు వాయిదా పడినవాళ్ళు, ఈ సిమెంటులోంచి కాసేపు ఎక్కడికైనా తీసుకుపొమ్మని అడిగేవారు. అలాంటివాళ్ళను అలీ భాయ్ వికారాబాద్ దాటించి అనంతగిరి కొండలకు తీసుకెళ్ళేవాడు. చేవెళ్ళలో చాయ్, కొండ మీద రెండు మూడు గంటలు, వేళకు మళ్ళీ ఎయిర్‌పోర్టు. పదిహేడేళ్ళలో ఎన్నిసార్లు వెళ్ళాడో ఆయనకే లెక్కలేదు.

ఆయన భార్య గౌసియా మాత్రం ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఆమె పుట్టిల్లు మహేశ్వరం పక్కన పల్లె. తెలుగు నాకంటే గడగడా మాట్లాడుతుంది, నోటికి తాళం ఉండదు. ఆమెకు తెలిసిన కొండల్లా పహాడీ షరీఫ్ దర్గా గుట్ట ఒక్కటే. మొదట్లో బండి కంపెనీది, పెళ్ళాన్ని ఎక్కించుకుంటే ఊరుకోరు. ఆ తర్వాత అత్తగారు తొమ్మిదేళ్ళు మంచాన పడింది. బండి సొంతమయ్యాక ఆదివారాలన్నీ బుకింగులే. చివరికి తీరిక దొరికేసరికి ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి. అయినా కొండ సంగతి ఆమెకు కళ్ళకు కట్టినట్టు తెలుసు. వెళ్ళొచ్చిన ప్రతిసారీ అలీ భాయ్ వర్ణించి చెప్పేవాడు మరి. ఒకదాని వెనక ఒకటి ఏడు వరసల కొండలనీ, మబ్బు కాళ్ళ కిందికి వస్తుందనీ, ఒకసారి దుప్పి అడ్డం వచ్చి తన మొహంలోకి చూసిందనీ. అవన్నీ గౌసియా నోటి మీదుగా నాకూ చేరాయి.

మొన్న శ్రావణంలో, శనివారం సాయంత్రం, అలీ భాయ్ మెట్లెక్కి నా గుమ్మం ముందు నిలబడ్డాడు.

"ప్రేమలత టీచరమ్మా, జర ఒక మాట. రేపు గౌసియాను అనంతగిరి తీస్కపోతున్న. మోకాళ్ళు పూర్తిగ పోకముందే చూడాలెనని పట్టువట్టింది. మీరు గూడ రావాలె."

"మొగుడు పెళ్ళాం పోతుంటే నడుమ నేనెందుకు భాయ్?"

ఆయన మెట్ల వైపు చూసి గొంతు తగ్గించాడు. "మీరు బడి పిల్లలను తీస్కొని పోయిన్రు గదా. పార్కింగ్ కాడికెంచి పైకి తొవ్వ ఎటు పోతది?"

నాకు నవ్వొచ్చింది. "నన్నడుగుతవేంది? నువ్వు వంద సార్లు పోయినోనివి."

"పార్కింగ్ దాకనే పోయిన టీచరమ్మా."

మొదట నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ చూపించి కూర్చోమన్నాను. విమానం దిగి నేరుగా వచ్చినవాళ్ళ సూట్‌కేసులూ పాస్‌పోర్టులూ బండిలోనే ఉంటాయి. బండి వదిలి పది అడుగులు కదిలితే పని ఊడుతుందని కంపెనీలో చేరిన రోజే చెప్పారట. సొంత బండి అయ్యాక కూడా సామాను సామానే కదా. వాళ్ళు పైకి వెళ్ళి వచ్చేదాకా ఈయన చెట్ల మధ్య, బండి పక్కన, ఫోను చేతిలో పట్టుకుని కూర్చునేవాడు. అక్కడినుంచి చెట్లు తప్ప ఇంకేమీ కనపడదు.

"మరి ఏడు వరసలు?" అన్నాను.

"ఒక డాక్టరమ్మ చెప్పింది."

"దుప్పి?"

"అది ఒక బెంగళూరు సారుకు కనవడ్డది. ఫోన్ల ఫోటో గూడ చూపిచ్చిండు."

దిగి వచ్చిన ప్రతి ప్రయాణికుణ్ణీ ఎలా ఉంది సార్, ఏమేం చూశారు మేడం అని అడిగేవాడట. డ్రైవరు ఇంత ఇష్టంగా అడుగుతున్నాడని వాళ్ళు మురిసిపోయి దారి పొడుగునా చెప్పేవారు. అదంతా ఇంటికి తెచ్చి, తను చూసినట్టు గౌసియాకు అప్పజెప్పేవాడు.

"నిజం చెప్తే నీ నోరు అరుగుతదా?" అన్నాను. నాకు కోపం వచ్చింది, దాచుకోవడమెందుకు.

"తొలిసారి పోయొచ్చిన నాడు తలుపు తీస్తనే అడిగింది, ఎట్లున్నది ఎట్లున్నదని. కండ్లు గింత పెద్దగ చేస్కొని అడిగింది టీచరమ్మా. చెట్ల కింద కూసొని వచ్చిన్నని ఎట్ల చెప్పాలె? ఒక్క మాట చెప్పిన. ఇగ ఆ మాట ఇడువలే నన్ను. రేపు ఆమెకు ఎరుకైతే నా ఇజ్జత్ ఉండది. ఇంకేం చెప్పినా నమ్మది."

పిల్లలకు అబద్ధం చెప్పొద్దని మూడు దశాబ్దాలు బోధించిన నేను, ఆ సాయంత్రం కాగితం తీసి, పన్నెండేళ్ళ కిందటి దారిని గుర్తున్నంత వరకు గీసిచ్చాను.

ఆదివారం ఎనిమిదింటికి బయల్దేరాం. గౌసియా కొత్త బురఖా వేసుకుని, ముగ్గురికి కాదు ఆరుగురికి సరిపడా ఖిచిడీ, చింతపండు ఖట్టా కట్టుకొచ్చింది. ముందు సీట్లో కూర్చోమంటే, "టీచరమ్మతోటి ముచ్చట పెడత" అని నా పక్కన వెనక కూర్చుంది. అలీ భాయ్ తెల్ల చొక్కా తొడిగి, అద్దం సర్దుకుని, మా ఇద్దరికీ చెరొక నీళ్ళ సీసా అందించాడు. చేవెళ్ళ దాటాక వాన జల్లు పడి ఆగింది. దున్నిన ఎర్ర నేల తడిసి మంచి వాసన వస్తోంది. గౌసియా అద్దం దించి మొహం బయటికి పెట్టింది. ఆమె సంతోషం చూస్తుంటే నాకు లోపల గుబులుగా ఉంది.

మొదటి తప్పు పార్కింగ్‌లోనే జరిగింది. బండి ఆపి, దిగి, చుట్టూ తిరిగి వచ్చి వెనక తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు.

"రెండింటికల్లా కిందికి రండి మేడం" అన్నాడు.

గౌసియా ఒక కాలు బయట, ఒక కాలు లోపల పెట్టి అలాగే ఆగిపోయింది. "మేడమా? నేనేమన్న నీ సవారీనా? నువ్వు రావా పైకి?"

"వస్త వస్త, అలవాట్ల అన్న" అని బండికి తాళం వేశాడు. నాలుగడుగులు వేసి మళ్ళీ వచ్చి తలుపు లాగి చూశాడు. ఇంకో నాలుగు వేసి మళ్ళీ వచ్చాడు. ఈసారి గౌసియా ఆయన మోచెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

దారి నేను గీసినట్టు లేదు. పన్నెండేళ్ళలో కంచెలు వచ్చాయి, మెట్లు వచ్చాయి. నేను ధీమాగా ముందు నడిచి వాళ్ళను నేరుగా ఒక ఇనుప తీగల కంచె దగ్గరికి చేర్చాను. వెనక్కి తిరిగాం.

"టీచరమ్మ ఎందుకు ముందల నడుస్తుంది?" అంది గౌసియా మొగుడితో. "నీకు ఎరుకున్న తొవ్వనే గదా. నువ్వు నడువ్."

అలీ భాయ్ ముందుకొచ్చి ఎదురుగా ఉన్న మెట్లు ఎక్కడం మొదలుపెట్టాడు. వేరే దారి కనపడలేదు కాబట్టి అదే సరైన దారి అయింది. సగం ఎక్కాక గౌసియా అడిగింది, "ఆ దుప్పి ఏడ కనవడ్డది?"

"గీ మలుపు కాడనే" అని చెయ్యి చూపించాడు. అక్కడ మునిసిపాలిటీ వాళ్ళ మరుగుదొడ్డి ఉంది. నేను దగ్గు నటించాను.

ఇంకో ఇరవై మెట్లకు గౌసియా బండమీద కూలబడింది. మోకాలు పట్టుకుని పళ్ళు బిగించింది. అలీ భాయ్ మొహంలో జాలి ఎంత ఉందో ఆశ కూడా అంతే ఉంది. నేను చూశాను.

"పోదాం పా. మబ్బు పట్టింది, ఏం కానరాదు. ఇంకోసారి వద్దాం."

"ఇంకోసారి ఏడికెంచి వస్త? ఇయ్యాల గాకపోతే ఇగ ఎన్నడు ఎక్క. దవాఖానల చెప్పిన మాట నువ్వు ఇనలేదా?" అని ఆయన భుజం ఆసరా చేసుకుని లేచింది. "నువ్వు చూసింది నేను చూడాలె."

ఆమెను దాదాపు మోసినట్టే పట్టుకుని ఎక్కించాడు. చివరి మెట్టు దాటగానే చెట్లు అయిపోయాయి.

ముందు నేలే లేదు. లోయ నిండా పచ్చదనం, దాని అంచున కొండలు, వాటి వెనక కొండలు. ఏడు వరసలు లేవు, నేను లెక్కపెట్టాను, నాలుగే ఉన్నాయి. కింద ఒకచోట తెల్లటి మబ్బు ముక్క చెట్ల మీద ఆగి ఉంది.

"యా అల్లా" అన్నాడు అలీ భాయ్.

గౌసియాను పట్టుకున్న చెయ్యి వదిలేశాడు. ఆమె ఉందనీ, నేనున్నాననీ మరిచిపోయి, అంచున కట్టిన ఇనుప కమ్మీ దాకా నడిచిపోయాడు. నోరు తెరిచి అలాగే నిలబడ్డాడు. అరవై ఏళ్ళకు దగ్గరపడ్డ మనిషి, మొహం మాత్రం మొదటిసారి సినిమా చూస్తున్న పిల్లవాడిది. పదిహేడేళ్ళు జారకుండా కాపాడుకున్న అబద్ధం ఆ ఒక్క చూపుతో బయటపడింది.

నేను గౌసియా వైపు తిరిగాను. ఆమె కొండలను చూడటం లేదు. ఆయన మొహమే చూస్తోంది.

"నువ్వు గిది చూడలే" అంది. అడగలేదు, చెప్పింది. "గిప్పుడే చూస్తున్నవు."

ఆయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. నా వైపు ఒకసారి చూశాడు. నేను మాత్రం ఏం చేయగలను? తల దించుకున్నాడు.

"మరి గిన్నేండ్లు ఈడికొచ్చి ఏం చేసినవు?"

"బండి కాడ కూసున్న."

గౌసియా తిడుతుందని ఎదురుచూశాను. ఆ నోరు నాకు తెలుసు. ఆమె మెల్లగా వెళ్ళి ఒక రాతి మీద కూర్చుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నువ్వు గీడికి వచ్చిన దినం మల్ల నేను అన్నం వేడి చేయకపోయేదాన్ని" అంది. "ఎరుకేనా నీకు? గ్యాస్ ఉన్నా చేయకపోయేది. ముసలామె ఒళ్ళు తుడిచి తుడిచి నేనీడ సస్తుంటే, నువ్వు కొండలు జూసి కడుపు నింపుకొని వస్తున్నవని, సల్లటిదే పెట్టిన. కావాల్ననే పెట్టిన. నువ్వు చూడనే చూడలేదంటే, ఆ సల్లన్నం ఎందుకు తిన్నట్టు?"

నాకు అక్కడినుంచి వెళ్ళిపోవాలనిపించింది.

"ఎరుకే" అన్నాడు అలీ భాయ్. "వేరే దినాలు వేడిగ పెడుతవు గదా. ఆ దినమే సల్లగుంటది. నాకు సమజైంది."

"సమజైతే మరి చెప్పాలె గదా, నేను గూడ చూడలేదని! నా కోపం అప్పుడే పోతుండె."

ఆయన చేతి వేళ్ళు తెల్ల చొక్కా అంచును నలుపుతున్నాయి.

"చెప్తే ఏముంటుండె గౌసియా?" అన్నాడు చివరికి. "నువ్వు చూడకపోతివి. నేను గూడ చూడలేదంటే, ఇగ మన ఇంట్ల ఎవ్వరు చూడనట్టే గదా. ఒక్కరన్న చూసిన్రని నీకు ఉండాలనుకున్న. దానికి సల్లన్నం తింటే ఏమాయె."

అంత పొడుగు మాట చెప్పి, తీర్పు కోసం ఎదురుచూస్తున్నవాడిలా ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. గౌసియా బురఖా అంచుతో మొహం గట్టిగా తుడుచుకుంది. రాతి మీద పక్కకు జరిగి చోటు చేసింది. ఆయన వచ్చి కూర్చున్నాడు. అప్పటికీ ఆమె మొహం మీదినుంచి కళ్ళు తిప్పలేదు.

"నన్ను చూస్తవేంది?" అని కసిరింది గౌసియా, గడ్డం పట్టి ఆయన మొహాన్ని లోయ వైపు తిప్పుతూ. "అటు చూడు."