తవుడు తెచ్చిన తల్లి

మొన్న మా ఇంటి కింది వాటాలో అద్దెకున్న అమ్మాయి, ఆఫీసు నుంచి వచ్చి మెడలో కార్డయినా తీయకుండా మేడెక్కి, నా ముందు ఓ కాగితాల కట్ట పెట్టింది. పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా వాళ్ళకు పిల్లలు లేరు. దత్తత కోసం కంప్యూటర్లో పేరు రాయించుకుని ఎంతో కాలంగా వరసలో ఉన్నారు. ఇప్పుడు వాళ్ళ నడవడి గురించి తెలిసినవాళ్ళెవరైనా సంతకం చేయాలట. మద్రాసు శివారు ఈ పట్టాభిరామ్‌లో వాళ్ళకు నాకంటే తెలిసినవాళ్ళు ఎవరున్నారు, సంతోషంగా కళ్ళద్దాలు పెట్టుకున్నాను. "అంతా చదవక్కర్లేదు అవ్వా, ఉట్టి ఫార్మాలిటీనే, ఈడ సైన్ పెడితే సాలు" అని ఆ పిల్ల వేలుపెట్టి చూపించింది. ఆ వేలికి సరిగ్గా పైన, పై విషయమంతా నాకు తెలిసిన భాషలో చదివి వినిపించగా అర్థం చేసుకున్నాను అన్న వాక్యం అచ్చయి ఉంది. పెన్ను మూత తీసినదాన్ని తీసినట్టే ఉండిపోయాను. ఆ వాక్యానికీ నాకూ ఉన్న పాత సంబంధం ఆ పిల్లకేం తెలుసు!

డెబ్బైల చివర్లో నేను మా మేనమామ దగ్గర టైపిస్టుగా చేరాను. మాది తిరుత్తణి పక్క సేద్యపు కుటుంబం. మామ ఒక్కడే ప్లీడరు చదివి తిరువళ్ళూరులో రైలు స్టేషనుకు పోయే వీధిలో ఆఫీసు పెట్టుకున్నాడు. నేను పొద్దున్నే తిరుత్తణిలో రైలెక్కి, అరక్కోణంలో బండి మారి, తొమ్మిదిన్నరకల్లా మిషను ముందు కూర్చునేదాన్ని. ఆ రైల్లో పొదటూరుపేట నేతవాళ్ళు చీరల మూటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే కొత్త నూలు గంజి వాసన పెట్టెంతా నిండేది, ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు ఆలస్యమైపోయిందన్న కంగారు పుడుతుంది. నా టైపింగు వేగం మీద నాకు ఉన్న పొగరు అంతా ఇంతా కాదు.

మామ దగ్గరికి వచ్చే పనుల్లో ఒకటి, ఊరి చివర ఉన్న పిల్లల హోం తరఫు కేసులు. దాన్ని నడిపే ఆవిణ్ని అందరం పెద్దమ్మ అనేవాళ్ళం, చాలా ఓర్పుగల మనిషి. అక్కడి పిల్లలను పెంచుకోవడానికి ఐరోపా నుంచి దొరలూ దొరసానులూ వచ్చేవాళ్ళు. మన దగ్గర పరాయి దేశస్థులు దత్తత తీసుకోవడానికంటూ చట్టమే లేదు. తెల్లవాళ్ళ కాలంలో, మైనర్ల ఆస్తులు పెద్దవాళ్ళు కాజేయకుండా చూడడానికి చేసిన గార్డియన్ చట్టం ఒకటుంటే దాని కిందే జిల్లా కోర్టులో అర్జీ పెట్టి, బిడ్డకు సంరక్షకులుగా ఆర్డరు తెచ్చుకుని, విమానమెక్కించుకుపోయి, వాళ్ళ దేశంలో దత్తత చేసుకునేవాళ్ళు. కొబ్బరితోటకు కావలి పెట్టే చట్టంతో బిడ్డను సముద్రం దాటిస్తున్నామని మామ అప్పుడప్పుడూ గొణిగేవాడు. ఢిల్లీలో దత్తతల కోసం ఒక బిల్లు వచ్చి మూలపడిందని కూడా చెప్పేవాడు. గొణుగుతూనే కేసులు మాత్రం నడిపేవాడు, నేను టైపు కొట్టేదాన్ని.

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. బిడ్డను వదులుకునే తల్లి ఇచ్చే ప్రమాణపత్రం ఇంగ్లీషులో ఉండేది. దాని కడపటి పేజీలో, ఇదంతా ఆమెకు తెలిసిన భాషలో చదివి వినిపించగా అర్థమైందని ఒప్పుకుని వేలిముద్ర వేసినది అన్న వాక్యం ఉండాలి. ప్రతిసారీ అదే కదా అని, పని లేని మధ్యాహ్నాలు కార్బన్లు పెట్టి ఆ కడపటి పేజీలు డజనుకు డజను ముందే కొట్టి సొరుగులో పెట్టుకునేదాన్ని. హోం నుంచి కబురు రాగానే ముందు పేజీలు కొట్టి దీన్ని కింద కుట్టేయడమే. ఇంత తెలివైన పద్ధతి జిల్లాలో ఎవరికీ తోచలేదని నా గర్వం. మామ ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఒకరోజు వేలిముద్ర కోసం ఇంకు డబ్బా తీసుకుని నేనే హోంకు వెళ్ళాను. పొదటూరుపేట నేతింటి కోడలు, నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. అంతకుముందు ఇద్దరు పిల్లలు పుట్టి పోయారట, ఈ మూడో ఆడపిల్ల మూడు నెలలది, ఎగశ్వాసతో బొమికల్లా ఉంది. పెద్దమ్మ దగ్గర నర్సు ఉంది, మందులున్నాయి, పాలడబ్బాలున్నాయి. మగ్గం మీద పడుగు ఎక్కించి ఉంది కాబట్టి మొగుడు రాలేదని ఆమె చెప్పింది. తెలుగు మనిషి దొరికిందని నేను ఏ ఊరు, ఎవరి పిల్లవు, మీ చీరల అంచు ఎలా నేస్తారు అని అరగంట కబుర్లాడాను. ఆమె బొటనవేలు పట్టుకుని ఇంకులో అద్ది కాగితం మీద నొక్కింది నేనే. ఆ కాగితంలో ఏముందో తప్ప తక్కిన లోకమంతా మాట్లాడుకున్నాం.

మా వైపు ఒక వాడుక ఉంది, మీలో కొందరికి తెలిసే ఉంటుంది. వరసగా పిల్లలు పోతున్న ఇంట్లో, పుట్టిన బిడ్డను కొండమీద స్వామి మెట్టు మీదో, వరసకాని పరాయివాళ్ళ చేతిలోనో పెట్టేసి ఇది మా బిడ్డ కాదు అనేస్తారు. గండం గడిచేదాకా తల్లి ఆ బిడ్డను చూడనైనా చూడదు, చూస్తే మృత్యువు పసిగడుతుందని భయం. ఏడాది నిండాక ఒక మానెడు తవుడు పెంచినవాళ్ళ చేతిలో పోసి బిడ్డను మళ్ళీ కొనుక్కుంటారు. తవుడు పోసి తెచ్చుకున్న పిల్లలు మా చుట్టాల్లోనే నలుగురైదుగురున్నారు. ఇంత తెలిసిన నాకు ఆ రోజు అది గుర్తే రాలేదు.

తొమ్మిది నెలలు గడిచాయి. తల్లి ఒక్కసారైనా చూడ రాలేదు గనక వదిలేసిందనే పెద్దమ్మ అనుకుంది, అనుకోక ఏం చేస్తుంది? బిడ్డ కోలుకుని బొద్దుగా తయారైంది. చలిదేశం నుంచి వచ్చిన ఒక జంట దాన్ని చూసి మురిసిపోయారు. నెమ్మదైన మనుషులు, పిల్లకోసం మూడు తెలుగు మాటలు కూడా నేర్చుకున్నారు. చెంగల్పట్టు జిల్లా కోర్టులో అర్జీ వేశాం. విచారణ ఇంకా మూడు రోజులుందనగా, మధ్యాహ్నం వేళ ఆఫీసు గుమ్మంలో ఆ తల్లి వచ్చి నిలబడింది, చంకలో ఒక గుడ్డమూట ఉంది. కాగితాలు మా దగ్గరున్నాయని హోంలో చెప్పి పంపారట.

"బిడ్డకి ఏడాది నిండినాది అక్కా. తవుడు తెచ్చినాను. నా బిడ్డని ఎవురి చేతిలో కొనుక్కోవాల?"

నేను సిగ్గులేకుండా, నువ్వు వేలిముద్ర వేశావు కదమ్మా, అంతా ఒప్పుకున్నట్టు ఇక్కడ రాసుందే అని ఫైలు తీసి చూపించాను. ఆమె ఆ కాగితం కేసి చూడనే లేదు, నా మొహంకేసే చూసి, నువ్వు వేలు పెట్టమన్నావు, పెట్టినాను అంది. అందులో కోపం లేదు, ఉంటే బాగుండేది. అప్పుడే లోపలి గదిలోంచి మామ వచ్చాడు. విషయం విని, ఫైలందుకుని కడపటి పేజీ తిప్పి, ఆ వాక్యం మీద వేలుంచాడు.

"దీన్ని ఈయమ్మకి ఎవురు చదివి వినిపించినారు పాపా?"

"ఎవురూ చదవలేదు మామా."

సొరుగు లాగి తక్కిన పేజీలన్నీ ఆయన ముందు పెట్టాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ఆ తల్లిని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఆ పత్రమంతా మొదటినుంచీ తెలుగులో చెప్పాడు. బిడ్డ ఇక రాదన్న మాట దగ్గర ఆమె మూటను రెండు చేతులతో పొట్టకు హత్తుకుంది. అది చూసి నేను పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను, ఇప్పుడు రాస్తుంటే కూడా కళ్ళు చెమరుస్తున్నాయి.

విచారణ రోజు మామ చేసిన పని నేను ఇంకే ప్లీడరూ చేయగా చూడలేదు. ఎదిరిపక్షం లేని కేసు అది. నోరు మూసుకుంటే ఐదు నిమిషాల్లో ఆర్డరు. ఆయన లేచి, ఈ పత్రంలో కడపటి వాక్యం అబద్ధం, అది నా ఆఫీసులో తయారైంది, నా తప్పు అని చెప్పి, తల్లి బయట ఉన్నది, పిలిచి అడగవలసిందని ప్రార్థించాడు. మా టైపిస్టు తప్పు అనలేదు. జడ్జిగారు తల్లిని పిలిపించి విన్నారు, అర్జీ వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకున్నారు. కోర్టు హాల్లో నల్లకోట్లు మామను చూసి నవ్వుకోవడం నాకు వినబడుతూనే ఉంది.

వరండాలో దొరసాని బిడ్డను ఎత్తుకుని నిలబడి ఉంది. మామ ఇంగ్లీషులో అంతా చెప్పాడు, ఆ తవుడు సంగతితో సహా. ఆమె మొహం తెల్లబోయింది. భర్త ఏదో అనబోతే ఆమె వద్దని తల ఊపింది. బిడ్డను తల్లి చేతికి ఇవ్వబోతే తల్లి అందుకోలేదు, ముందు మూట విప్పింది. కొనుక్కోకుండా తీసుకుంటే బిడ్డకు మంచిది కాదు కదా. దొరసాని బిడ్డను మామకిచ్చి, తన చేతిరుమాలు రెండరచేతుల మీద పరిచి పట్టింది. మానెడు తవుడూ అందులో పట్టక, కొంత ఆమె గౌను మీదా కొంత వరండా బండల మీదా పడింది. ఆ తర్వాతే తల్లి బిడ్డను అందుకుంది. ఆ తవుణ్ని దొరసాని ఏం చేసిందో నాకు తెలియదు, మూట కట్టుకుని కారెక్కడం మాత్రం చూశాను.

హోం కమిటీవాళ్ళు ఆ తర్వాత వేరే ప్లీడరును పెట్టుకున్నారు. పెద్దమ్మ మాత్రం పట్టుబట్టి ఒకటీ అరా కేసులు మామకే పంపేది. ఆ సొరుగు పేజీలన్నిటినీ మామ నాచేతనే చింపించాడు. అప్పటినుంచి మా ఆఫీసు పత్రాల్లో కడపటి వాక్యం ఉండవలసిన చోట రెండు వరసలు ఖాళీ వదలాలి. తల్లికి ఆమె భాషలో చదవాలి, తెలుగైతే తెలుగు, అరవమైతే అరవం. విన్నది ఆమె తన మాటల్లో తిరిగి చెప్పాలి. నెల పోయాక మళ్ళీ పిలిచి అడగాలి. అప్పటికీ అదే మాట మీద ఉంటే, ఆ వాక్యం మామ తన చేత్తో రాసేవాడు. పెంచుకునేవాళ్ళంటే ఆయనకు కోపం లేదు, దిక్కులేని బిడ్డకు ఒక ఒడి దొరికితే ఆయనంత సంబరపడ్డవాళ్ళు లేరు. ఆ చలిదేశం జంటే రెండేళ్ళకు మళ్ళీ వచ్చి, ముందూ వెనకా ఎవరూ లేని ఒక పిల్లవాణ్ని ఆయన చేతిమీదుగానే తీసుకెళ్ళారు.

అదే రోజుల్లో ఢిల్లీకి ఒక పెద్ద ఉత్తరం రాశాడు, చట్టం ఎలా మారాలో వివరంగా. దాన్ని నాచేత ఏడుసార్లు టైపు కొట్టించాడు. జవాబు రాలేదు. ఎనభైల నడుమ ఢిల్లీలోని పెద్ద కోర్టు పరాయిదేశపు దత్తతలకు నియమాలు విధించినప్పుడు, మామకు కంటి ఆపరేషనై కట్టు ఉంది. పేపరు నేనే చదివాను. కన్నవాళ్ళకు అన్నీ విడమరిచి చెప్పాలనీ, మనసు మార్చుకోవడానికి వ్యవధి ఇవ్వాలనీ ఉన్నచోట, మళ్ళీ చదువు పాపా అన్నాడు. మూడుసార్లు చదివించుకున్నాడు. మన ఉత్తరం వల్లేనేమో మామా అంటే, "మనట్లా ఎందరు రాసుంటారో. ఎవురి వల్లయితే ఏముంది" అనేసి కాఫీ అడిగాడు. ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది.

మొన్న ఆ కాగితాలు కింది వాటా పిల్ల చేతికే తిరిగిచ్చి, నాకు చదివి వినిపించు, అప్పుడే సంతకం అన్నాను. విసుక్కుంటూనే మొదలుపెట్టింది, తనకు చదవొచ్చిన అరవంలో గబగబా. బిడ్డను ఏ కారణం చేతా వెనక్కి పంపబోమన్న చోటికి వచ్చేసరికి దాని గొంతు నెమ్మదించింది. ఆ పేజీ రెండోసారి తనకోసమే చదువుకుంది. నేను సంతకం పెట్టాను.

చట్టాలు వచ్చాయి, కంప్యూటర్లు వచ్చాయి, దొంగతనంగా బిడ్డను దాటించడం మునుపటంత సులువు కాదు, ఇవన్నీ మామ కోరుకున్నవే, చూడకుండా పోయాడని బాధ. ఫారాల్లో మాత్రం ఆ రెండు వరసల ఖాళీ లేదు, నా సొరుగులో పేజీల్లాగే అన్నీ ముందే అచ్చయి వస్తున్నాయి. ఏదో ఒక రోజు ఈ పిల్ల ఒళ్ళోకి ఒక బిడ్డ వస్తుంది, నేనే ముందు ఎత్తుకుంటాను. ఆ బిడ్డ ఫైలు అడుగున కన్నతల్లి వేలు పెట్టిన కాగితం ఒకటి ఉండి ఉంటుంది. దాన్ని ఆమెకు ఎవరైనా చదివి వినిపించారో లేదో, అడగడానికి ఇప్పుడు మా మామ లేడు.