ఖాళీ గిన్నె

మొన్న పక్కింటి కోడలు మా టిఫిన్ డబ్బా తిరిగిస్తూ గుమ్మంలోనే ఆగిపోయింది. "ఖాళీగనే తెచ్చిన అక్కా, ఏమనుకోకు. పిల్లకు జ్వరమొచ్చి ఏం వండలే," అంది. ఏమీ అనుకోలేదని చెప్పి పంపించాను గానీ, ఆ డబ్బాను చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. మా మేనత్త గుర్తొచ్చింది.

మాది కుశనూర్. కాలేజీ చదువు కోసం బీదర్ వచ్చినప్పుడు చిద్రిలో మేనత్త ఇంట్లోనే ఉన్నాను. ఎవరింటి గిన్నెనూ ఖాళీగా తిరిగి పంపకూడదన్నది మా వైపు అన్ని ఇళ్లలోనూ ఉన్న ఆనవాయితీయే. మా అత్త మాత్రం దాన్ని చట్టంలా పాటించేది. పచ్చడి వచ్చిన గిన్నెలో బెల్లం ముక్క, పాలు వచ్చిన చెంబులో పిడికెడు కందిపప్పు, ఏమీ లేకపోతే చిటికెడు చక్కెరైనా వెళ్లాల్సిందే. ఎవరైనా మంచినీళ్లిస్తే ఆ గ్లాసులో ఏం వేసి ఇస్తుందోనని మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

మామ పోయాక, ఎవరో పిలిస్తే చర్చికి వెళ్లడం మొదలుపెట్టింది. ఏసయ్య మీద ఆమె మనసు గట్టిగా నిలిచింది. చర్చిలో ఆరాధన కన్నడంలో, ఆమె ప్రార్థన తెలుగులో, ఇంటికొచ్చాక నా మీద కేకలు సగం ఉర్దూలో. చర్చి వాకిలి ఊడ్చేది, శుక్రవారాలు ఉపవాసం ఉండేది, ఊరి నుంచి కొత్త కందులొస్తే ముందు అక్కడికే మోసేది. కానీ బాప్తిస్మం మాటెత్తితే "జర ఆగుండ్రి" అనేది. ప్రభు భోజనం రొట్టె పంచే వేళకు చెప్పులు వెతుక్కుంటూ బయటపడేది. రక్షణ మన పనులకిచ్చే కూలి కాదనీ, దేవుడు ఊరికే ఇచ్చేదాన్ని నమ్మి అందుకోవడమేననీ పాస్టరు ఎన్ని తీర్ల చెప్పినా ఆమెకు ఎక్కలేదు. "ఊకెనే ఎట్ల తీస్కుంటమయ్యా? మాకు అట్ల అలవాటు లేదు. పానమిచ్చినోనికి నేనేమిచ్చిన, వాకిలి ఊడ్సుడేనా?" అనేది. పైకి పౌరుషమే. లోపల మాత్రం, చచ్చేలోపు ఆయనకు సరిపోయినంత చేయగలనా, చేయలేకపోతే తన గతేమిటి అన్న భయం ఆమెను తినేసేది. జొన్నరొట్టెలు తడుతూ తడుతూ నాతో ఆ మాట చెప్పి కళ్లు తుడుచుకునేది.

ఆ వానాకాలం మా గల్లీ అంతా చికున్‌గున్యా పడింది. అత్తకు కీళ్లన్నీ పట్టేశాయి. చేతులు ఉబ్బి, వేళ్లు ముడవడం కూడా రాలేదు. చీపురు లేదు, రొట్టె లేదు. పాస్టరు భార్య రోజూ గిన్నెలో గంజి తెచ్చి, పక్కన కూర్చుని తాగించేది. మొదటి రోజే అత్త మంచం మీది నుంచి నాకు ఆజ్ఞ వేసింది. "పోరీ, గిన్నెల బెల్లం పెట్టు."

పెట్టాను. పాస్టరమ్మ ఆ బెల్లం తీసి, ఓ ముక్క విరిచి అత్త నోట్లోనే పెట్టింది.

"అక్కా, నువ్వు నింపి ఇయ్యంగనే నీది నాది బరాబర్ అయితది. బరాబర్ అయినంక రేపు నేనెందుకు రావాలె? నేనేమన్న బదలా కోసం వస్తున్ననా? నువ్వంటే నాకు పానం, గందుకే వస్తున్న."

"మరి నేనేం చెయ్యాలె?"

"తీస్కో. గంతే."

అత్త బెల్లం చప్పరించడం కూడా మరిచిపోయి ఆమెనే చూసింది. "ఏసయ్య సుత గిట్లనేనా?" అంది.

"ఆయన దగ్గర నేర్సుకున్నదే గదక్కా."

మామ పోయిననాడు కూడా అత్త అంతగా ఏడవలేదు. మర్నాడు గంజి తాగాక, "గట్లనే తీస్కపో అమ్మా," అంది. అనడమైతే అంది గానీ, ఆ ఖాళీ గిన్నె గడప దాటడం చూడలేక గోడవైపు తిరిగి పడుకుంది. అలవాటు అంత తొందరగా చస్తుందా!

లేచి నిలబడగలిగిన మొదటి ఆదివారమే బాప్తిస్మం కావాలని పట్టుబట్టింది. చేతులు నయమయ్యాక చూద్దామని నేనన్నాను. "చేతులు మంచిగైతే మల్ల ఏదో ఒకటి పట్టుకపోతనే. గిప్పుడే మంచిగున్నది," అంది. కొబ్బరికాయ గానీ కందులు గానీ ఏమీ లేకుండా వెళ్లింది. తలమీద నీళ్లు పడ్డాయి. రొట్టె పంచే వేళకు చెప్పులు వెతకలేదు. వాచిన రెండు అరచేతులూ చాపి అందుకుంది. ఆమె ముఖంలో అంత నిమ్మళం నేను అంతకుముందు చూడలేదు.

చేతులు బాగయ్యాక మళ్లీ చీపురు పట్టింది, ఇరుగుపొరుగు గిన్నెల్లో మళ్లీ బెల్లం పెట్టింది. "మల్ల షురూ చేసినవా అత్తా?" అని ఏడిపించాను. "అప్పుడు భయానికి చేసిన. గిప్పుడు ఖుషీకి చేస్తున్న. నీకు ఫరక్ తెల్వదా?" అని కసిరింది. తర్వాత ఆమె బతికిన ఏళ్లలో ఆ భయం మాట మళ్లీ వినలేదు.

అత్త పోయి చాలా కాలమైంది. ఇప్పుడు అదే చర్చిలో, ఆమె కూర్చున్న వైపే నేనూ కూర్చుంటాను. పక్కింటి పిల్ల జ్వరం తగ్గేదాకా ఆ డబ్బా రోజూ నిండి వెళ్తుంది, ఖాళీగా వస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ నా ఒంట్లో బలమూ, నేను ఇవ్వగలిగినవీ తగ్గిపోతున్నాయి. తగ్గనీ. ఖాళీ చేతులతో వెళ్లే రోజు నాకూ వస్తుంది, ఆ చేతులు ఎలా చాపాలో మా అత్త చూపించే వెళ్లింది.