యాదమ్మ అరచేతిలో పాదరసం

సూర్యాపేట కొత్త జిల్లా అయిన ఏడాది, అక్కడి ఒక ట్రస్టు ఆసుపత్రిలో దంత విభాగానికి ఇన్‌ఛార్జిగా చేరాను. వారంలో ఒకరోజు కోదాడ, ఒకరోజు మిర్యాలగూడ శిబిరాలు. మిగతా రోజులు సూర్యాపేటలోనే. నా సహాయకురాలు యాదమ్మ చివ్వెంల నుంచి బస్సులో వచ్చేది. ఆమె జీతం మీదే ఇల్లు గడిచేది.

పుచ్చిన పన్నుకు వెండి సిమెంటు పెట్టడం మా రోజువారీ పని. వెండి కలిసిన పొడిని పాదరసంతో చిన్న కల్వంలో నూరి, గుడ్డలో వేసి పిండితే ఎక్కువైన పాదరసం బయటికి వస్తుంది. ఆఖర్న యాదమ్మ ఆ ముద్దను అరచేతిలో వేసుకుని బొటనవేలితో మెదిపేది. వెన్నలా వచ్చేది. చేతికి తొడుగు వేసుకుంటే అంత మెత్తగా రాదని నేర్పింది నేనే. నా సీనియరు నాకు అలాగే నేర్పారు. కింద పడిన పాదరసం పూసలను చీపురుతో మూలకు నెట్టేవాళ్లం. ఏసీ గది కాబట్టి కిటికీలు తెరిచే పని లేదు.

మూడో ఏడు ఆమె చేతులు వణకసాగాయి. పరికరాలు జారవిడిచేది, చెప్పింది మరిచిపోయేది. నాకు అసలే ముక్కు మీద కోపం. రోగుల ముందే కసిరాను. చివరికి, ఈమె దంత విభాగానికి పనికిరాదని సూపరింటెండెంటుకు ఉత్తరం రాసి సంతకం కూడా పెట్టాను. అది పంపితే ఆమె ఉద్యోగం పోవడం ఖాయం.

మరునాడే యాదమ్మ తన ఉంగరం పట్టుకుని వచ్చింది. కొత్త బంగారం వెండిలా తెల్లబడింది. ఉంగరం చేసిన అవుసలాయన, అంటే కంసాలి, మోసం చేశాడని అతని దుకాణం ముందు జగడం పెట్టుకుందట.

"గాయన నన్ను ఒక్క మాట అనలే సార్. పాదరసం ముడుతున్నవా అక్కా, అది తగిలితె బంగారం గిట్లనే అయితది అన్నడు. వాళ్ల నాయిన పాదరసంతోని విగ్రహాలకు బంగారు పూత ఏసేటోడట. నా లెక్కనే చేతులు వణికి, ఆఖరికి అన్నం గిన్నె గూడ పట్టకపాయెనట. మీ డాక్టర్‌కు జర చెప్పు అన్నడు."

నేను కాలేజీలో చదివిన పాఠమే అది. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఉత్తరం చింపేశాను. ఆమె మూత్రాన్ని హైదరాబాదు ల్యాబుకు పంపితే పాదరసం ఎక్కువగానే ఉందని తేలింది. వెంటనే ఆమెను చీటీలు రాసే కౌంటరుకు మార్పించాను. మూడు చోట్లా చేతితో నూరడం మాన్పించి, ముందే కొలిచి మూసిన క్యాప్సూళ్లు తెప్పించాం. వాటిని యంత్రమే కలుపుతుంది. పాదరసం ఆవిరి బయటికి పోయేలా కిటికీలు తెరిపించాం.

నెలలు గడిచాక ఆమె వణుకు తగ్గింది. అప్పుడు ఉత్తరం సంగతి కూడా దాచకుండా, తప్పు నాదేనని చెప్పాను.

"మీరు మాత్రం కావాల్నని చేసిండ్రా సార్? ఇగ ఇడువుండ్రి," అంది.

తన పరువు తీసిన మనిషికే మంచి మాట చెప్పి పంపిన ఆ అవుసలాయనకు, నన్ను క్షమించిన యాదమ్మకు నేను ఈనాటికీ కృతజ్ఞుణ్ణి. ఆ తర్వాత నా కింద పనిచేసిన వాళ్లలో ఎవరి చెయ్యి వణికినా, ఆ చేతికి నేను ఏ పని అప్పగించానో ముందు చూసుకున్నాను.