ఏటికి అవతలి తమ్ముడు

వీధి మలుపులో ఇస్త్రీ దుకాణం నడిపే ఆవిడను అందరూ ఇస్త్రీ అక్క అనేవారు. ముడత కనిపిస్తే ఆవిడ చెయ్యి ఊరుకోదు. బస్సులో పక్కవాళ్ల కాలరు కూడా సర్దేసేది. తండ్రి నుంచి ఆమెకూ తమ్ముడికీ వచ్చిన ఆస్తి ఒక్కటే, మూత్రపిండాల జబ్బు. “ఇందులో మాత్రం వాటాల తగువు రాలేదు, నాన్న సమానంగా పంచాడు” అని నవ్వేది.

ఆ సమానం వంతెన దాకానే. ఏటికి ఇవతల ప్రభుత్వాసుపత్రిలో ఆమెకు డయాలసిస్ ఉచితం. తమ్ముడు వడ్రంగి, కాపురం అవతలి జిల్లాలో. అక్కడిదీ ప్రభుత్వాసుపత్రే, అదే యంత్రం. కానీ వెళ్లినప్పుడల్లా రుసుము కట్టాలి.

ఒకరోజు తమ్ముడింటికి వెళ్తే మొహం ఉబ్బిపోయి ఉన్నాడు.

“మధ్యమధ్యలో మానేస్తున్నారు వదినా. అడిగితే బాగానే ఉన్నానంటారు” అంది మరదలు.

“ఒరేయ్, బాగుండటమంటే ఇదా? అద్దంలో చూసుకున్నావా?”

“పిల్లల ఫీజులు కట్టే నెలక్కా. తర్వాత వెళ్తాలే.”

ఆమె ఇంకో మాట అననివ్వక అతన్ని తన ఆసుపత్రికి లాక్కొచ్చింది. కౌంటరులో గుమాస్తా కార్డు తిప్పి చూసి, “ఈయనది అవతలి జిల్లా. ఉచితం కుదరదు” అన్నాడు. ఆ పూటకు తనే కట్టి యంత్రం ఎక్కించింది. అతను నిద్రపోతుంటే పక్కన కూర్చుని, ఇక ఊరుకోకూడదనుకుంది.

రెండు జిల్లాల ఆసుపత్రులనూ చూసే ఆరోగ్య మండలి బహిరంగ సభలో లేచి నిలబడింది. అధ్యక్షుడు ఓపిగ్గానే చెప్పాడు.

“అవతల కొండ ప్రాంతమమ్మా. జనం తక్కువ, దూరాలెక్కువ. చిన్న విడిభాగం కావాలన్నా రోజు ప్రయాణం. వచ్చే నిధులేమో తలకింతని. మేం తినేయడం లేదు.”

“మీరు తిన్నారనడం లేదండి. కొండ మీద ఉండటం వాడి తప్పా అంటున్నా. పన్ను ఇద్దరం కడుతున్నాంగా.”

“రెండు జిల్లాల నిధులూ కలిపితే మీవైపు ఉచితం నిలవదు. మీరూ కొంత కట్టాలి. సరేనా?”

ఇది ఆమె ఊహించలేదు. డయాలసిస్‌లో ఆమె పక్క మంచం మీద ఉండే రిటైర్డ్ టీచరమ్మ కూడా సభకు వచ్చింది, ఆమె మోచెయ్యి గిల్లింది.

“సరే, కడతా” అంది ఇస్త్రీ అక్క. “కానీ ఎవరి సంపాదన చూసి వాళ్లకు రుసుము పెట్టండి, చిరునామా చూసి కాదు.”

బయటికి రాగానే టీచరమ్మ విరుచుకుపడింది. “తమ్ముడి కోసం మా నోటికాడ కూడు లాగేశావ్!”

“రేపు మీ అబ్బాయికి అవతలికి బదిలీ అయి మీరూ వెళ్లాల్సొస్తే ఏం చేస్తారు టీచర్‌గారూ?”

టీచరమ్మ ఆసుపత్రిలో చాన్నాళ్లు గోడవైపే తిరిగి పడుకుంది. కొందరు బట్టలివ్వడం మానేశారు. ఇచ్చేవాళ్ల గుమ్మంలో మాత్రం ఇస్త్రీ అక్క మడతలతోపాటు ఈ సంగతీ దించి, అర్జీ మీద సంతకం అడిగేది. తలుపు వేస్తే పక్కింటికి పోయేది.

ఏడాది దాటాక మండలి దిగొచ్చింది. నిధులు కలిశాయి. తమ్ముడికి రుసుము నామమాత్రమైంది, ఆమెకు కొద్దిగా పడింది, పింఛనున్న టీచరమ్మకు ఇంకాస్త. కానీ మానేసిన రోజులు తమ్ముడి గుండెను దెబ్బతీసి పోయాయి. తలుపులు ఎత్తలేక ఇప్పుడు పీటలు చేస్తున్నాడు. అది తలుచుకుంటే ఆమె పళ్లు బిగుస్తాయి.

టీచరమ్మ ఇటు తిరిగింది, సణుగుడు మాత్రం ఆపలేదు. ఇస్త్రీ అక్క నవ్వి ఊరుకుంటుంది. కొండ మీది రోగులకు ఆసుపత్రి బస్సు వేయించాలని ఇప్పుడామె మళ్లీ గుమ్మాలెక్కుతోంది.