ఎడమకాలి బూటు లేని ఫోటో

“ఈ ఫోటో నాకొద్దు. నా కొడుకు గిట్ల ఉన్నడా? కండ్లు పెట్టి చూడు.”

“అమ్మా, డబ్బా ముందర ఏముంటే గదే పడుతది. నేను బొమ్మ గీసేటోన్ని కాదు.”

“మరి పిల్లగాని తలకాయ ఎందుకు తడిసింది? పొద్దున నూనె పెట్టి పాపిట తీసింది నేను.”

“గదే నేను సుత అడుగుతున్న. కూసోబెట్టే ముందు తానం చేపిచ్చినవా?”

“తానమా! అంగీకి గంజి పెట్టి ఇస్త్రీ చేసి తోలుకొస్తే తానమంటవా? కండ్లు మసకైతే ఇంట్ల కూసోవాలె మియా.”

ఇవి నేనూ, ఫోటోలు తీసే ఖాసిం మియా పోట్లాడుకున్న మాటలు. పంజగుట్టకూ అమీర్‌పేటకూ నడుమ ఖాళీ జాగల తమాషా పడింది. రంగులరాట్నాలు, ఒంటె సవారి, మిఠాయి దుకాండ్లు. లడాయి నడుస్తున్న రోజులు అవి.

ముందే చెప్తున్న, నేను దయ్యాలను నమ్మ. మాది ప్రార్థన చేసుకునే ఇల్లు. బడికి రెండో తరగతి దాకనే పోయిన గని, బైబిలు కూడబలుక్కొని చదువుత. ఎర్రమంజిల్ వెనక గుట్టల్లకు ఒక్కదాన్నే పోయి కట్టెలు తెచ్చిన దాన్ని. ఎవరన్న దయ్యం కథ ఎత్తుకుంటే, పని లేదా అని లేపి పంపుత. ఇప్పటికీ గంతే. ఈ ఒక్కటి మాత్రం నాకు ఎటూ తేలలే. జరిగింది జరిగినట్టు చెప్పుత.

మా ఇంటాయన ఫౌజుల మోటరు తోలుతుండె. ఆయన పోయేటప్పుడు యోహాను నా కడుపుల ఉన్నడు. పిల్లగానికి నాలుగో ఏడు నడుస్తున్నా తండ్రి మొఖం చూడలే, తండ్రి వాని మొఖం చూడలే. ఆరు నెలలు జాబు లేదు. తర్వాత ఒకటి వచ్చింది. “నా తోటోళ్ళు ఒక్కొక్కరే పోతున్నరు. కొడుకు ఫోటో పంపు. ఒక్కసారి చూసుకుంట” అని రాసిండు.

మావోళ్ళల్ల అప్పట్ల ఫోటో అంటే ఎవరన్న చనిపోతేనే. శవప్పెట్టె చుట్టు అందరం నిలబడి దిగేటోళ్ళం. బతికున్న పిల్లగానికి ఫోటో ఏందని ఇరుగుపొరుగు గొణిగిన్రు. నాకు సుత మనసుల గుబులే. అయినా ఆయన అడిగినంక కాదనలేకపోయిన. తమాషాల ఫోటో అక్కడికక్కడే చేతికిస్తరంటే, మా ఆడబిడ్డ మార్తను తోడు తీసుకొని బయలుదేరిన.

యోహానుకు చర్చి బూట్లు తొడిగిన. రెండేండ్లన్న రావాలని పెద్దయి కొన్న. ముందల గుడ్డపేలికలు కుక్కితే గని కాలు నిలవదు.

“వదినె, ఇవి బూట్లా, పడవలా?” అన్నది మార్త.

“పెరిగేది కాలు, బూటు కాదు. నువ్వు నడువు” అన్న.

ఖాసిం మియా దగ్గర విమానం బొమ్మ గీసిన పరదా ఉంది. దాని ముందు స్టూలు మీద యోహానును కూసోబెట్టి, నేను పక్కన నిలబడ్డ. మియా నల్లగుడ్డల తల పెట్టిండు. డబ్బాలనే కాగితం కడిగి, ముందు నలుపు తెలుపు తారుమారైన ఉల్టా బొమ్మ తీసిండు. దాన్ని మళ్ళ డబ్బా ముందల పెట్టి సీదా బొమ్మ చేసిండు. అది చేతిల పట్టుకొని చానసేపు చూసిండు. గప్పుడే తానం మాట అడిగిండు.

ఫోటోల నేను నా తీరుగనే ఉన్న, పొడి చీర, పొడి తల. యోహాను వెంట్రుకలు నొసటికి అతుక్కొని ఉన్నయి. అంగీ పక్కటెముకలకు అంటుకుంది. మెడ మీద నాచు పోగు లెక్క ఏదో ఉంది. కుడికాలికి బూటు ఉంది. ఎడమకాలు ఉత్తది.

అప్పుడు యోహాను నా కొంగు పట్టుకొని పక్కనే ఉన్నడు. రెండు కాళ్ళకు రెండు బూట్లు. అంగీ గంజి ఇరగలే. మార్త సుత ఫోటో చూసింది, పిల్లగాన్ని చూసింది. నా ఒక్కదాని కండ్లే అయితే నేనూ నమ్మకపోదును.

నేను ఏమనుకున్న? పని చెడగొట్టి బుకాయిస్తుండు అనుకున్న. మియాను మాటలతోని దులిపి పారేసిన. ఆ ముసలాయన చివరికి, “నీకిష్టం లేకుంటే ఇడిచిపెట్టు తల్లీ, లడాయి వద్దు. గని తీసుకపోతే జర ఆగు. ఇది మందునీళ్ళల్ల ఇంకా నానాలె, లేకుంటే నల్లబడుతది” అన్నడు.

“నల్లబడితే నల్లబడనీ” అని గుంజుకొని, రుమాలుల చుట్టి సంచిల ఏసిన.

తిరిగి చూస్తే యోహాను లేడు.

మొదలు కోపమొచ్చింది. దొరికితే రెండు పీకాలె అనుకున్న. రంగులరాట్నం కాడ లేడు. మిఠాయి దుకాండ్ల కాడ లేడు. టాంగాల అడ్డ కాడ లేడు. మార్త ఖైరతాబాద్ సడక్ దాక ఉరికి వచ్చింది. పొద్దు వాలబట్టింది. ఆయనకు ఏమని రాయాలె? ఫోటో తీద్దామని తీసుకపోయి పిల్లగాన్నే పోగొట్టుకున్న అని రాయాల్నా? నడిరోడ్డు మీద మోకాళ్ళూని ప్రార్థన చేసిన. వాని పేరే పిలిచిన.

తమాషా కాడ ఒక పోలీసాయన ఉండె. “పిల్లగాడు ఎట్లుంటడు?” అని అడిగిండు. సంచిల నుంచి ఫోటో తీసి ఇచ్చిన.

ఆయన చూసి అన్నడు: “నీళ్ళల్ల పడ్డ పిల్లగాడా?”

నేను పొద్దంతా దాన్ని సంచిల మోసుకొని తిరిగిన. ఆ మాట నాకు తట్టలే.

తమాషా వెనక, బంజారా గుట్టల దిక్కు, రాళ్ళు కొట్టి ఇడిచిపెట్టిన గుంత ఒకటుంది. పిల్లగాడు నడిచి పోగలిగే దూరంల అన్ని నీళ్ళు ఉన్న జాగ అదొక్కటే. చెప్పులు ఇడిచి ఉరికిన. వెనక మార్త.

యోహాను అక్కడనే ఉన్నడు. గుంత అంచున నిలబడి నీళ్ళల్ల రాళ్ళు ఏస్తుండు. ఒంటెను నీళ్ళు తాపను తీసుకపోతుంటే దాని వెంబడి వచ్చిండట. ఒంటె వేరే తొవ్వన పోయింది, వీడు ఉండిపోయిండు. అంగీ పొడిగ ఉంది. రెండు కాళ్ళకు రెండు బూట్లున్నయి. ఈ రెండూ నేను బాగ చూసిన. ఇప్పటికీ ప్రమాణం చేస్త.

నేను పానం తట్టుకోలేక “యోహానూ!” అని అరిచిన.

వాడు గిర్రున తిరిగిండు. ఎడమకాలి బూటు తిరగలే, కాలు ఒక్కటే తిరిగింది. పేలికలు కుక్కిన ఆ పెద్ద బూటు రాయి మీద జారింది. వాడు నీళ్ళల్ల పడి మునిగిండు.

నాకు ఈత రాదు. అంచున బోర్లపడి కొంగు ఇడిచి నీళ్ళల్లకు ఏసిన. మార్త నా కాళ్ళు పట్టుకుంది. “అమ్మా” అని ఒక్కసారి తేలిండు, మళ్ళ మునిగిండు. రెండోసారి తేలినప్పుడు కొంగు వాని చేతిల పడింది. గుంజిన. చీర చిరిగింది గని వాడు వచ్చిండు.

రాయి మీద నిలబెట్టినం. నీళ్ళు కక్కిండు, ఏడ్చిండు. వెంట్రుకలు నొసటికి అతుక్కున్నయి. అంగీ పక్కటెముకలకు అంటుకుంది. మెడ మీద నాచు పోగు ఉంది. కుడికాలికి బూటు, ఎడమకాలు ఉత్తది.

మార్త నా మొఖం చూసింది.

ఇన్నేండ్లు ఆలోచించిన. నేను అరవకుంటే వాడు పడకపోవునేమో. ఫోటో చూడకుంటే నేను ఆ గుంతకు పోకపోదును. నేను పోకుంటే, చీకటి పడ్డంక ఒక్కడే పడి మునిగిపోవునేమో. ఆ ఫోటో నా కొడుకును కాపాడిందా, నీళ్ళల్ల పడేసిందా, నాకు తెల్వదు. పాస్టరుగారిని అడిగితే ఆయన చేతులు జోడించి ప్రార్థన చేసిండు.

మరునాడు పొద్దున రుమాలు ఇప్పి చూసిన. ఖాసిం మియా చెప్పినట్టే కాగితం అంతా నల్లబడింది. నేను లేను, పిల్లగాడు లేడు, విమానం లేదు.

మా ఇంటాయనకు జాబు రాయను కూసున్న. ఫోటో ఖరాబైంది అని రాసిన. పిల్లగాడు బాగున్నడు అని రాసిన. ఇంకేం రాయాల్నో తోచలే. యోహానును పిలిచి, వాని ఎడమకాలు ఉత్తదే జాబు మీద పెట్టిచ్చి, చుట్టూ పెన్సిలుతోని గీసిన. ఐదు వేళ్ళు, మడమ, అంతా పడింది. మడతపెట్టి, అమీర్‌పేటకు నడిచి పోయి పోస్టు డబ్బాల ఏసి వచ్చిన.